ఆస్ట్రోని ఒడ్డున ఆషాఢ పౌర్ణమి

ఆక్లాండ్,
12 ఏప్రిల్ 2006

మామయ్యా,

ఫోన్ చేస్తే నువ్వు "ఆ, బావున్నాం, మీరు బావున్నారా" అని రెండుసార్లు అనేసి ఊరుకుంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. జవాబు కూడా ఉత్తరంలోనే రాయి. నీకు కాగితం మీదే నోరు లేస్తుంది.

నేను చేరిన హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఆరు నెలలకే తాళం వేసుకుందని అమ్మ చెప్పే ఉంటుంది. ఇప్పుడు సిటీలో ఒక ట్రావెల్ ఏజెన్సీలో పని. ముందు గదిలో అందమైన అమ్మాయిలు టికెట్లు అమ్ముతారు. వెనక గదిలో, ఫోటోకాపీ మెషిన్ పక్కన, నేను బ్రోషర్లు రాస్తాను. ఇంగ్లీషు నాకెవరూ నేర్పలేదు. కౌంటర్ మీద మిగిలిపోయిన బ్రోషర్లు చదివే నేర్చుకున్నాను, అందుకే నాకు వాళ్ళ అబద్ధాలన్నీ కంఠతా వచ్చు.

ఇప్పుడు గ్రీసు దీవుల మీద బ్రోషర్ వేస్తున్నారు. అందులో మీ ఆస్ట్రోని కూడా ఉంది. "ఇంతవరకు ఎవరూ అడుగుపెట్టని ఒడ్డు" అని రాయమన్నాడు బాస్. ఎవరూ అడుగుపెట్టకపోతే ఈ ఫోటో ఎవరు తీశారని అడిగాను. ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

పందొమ్మిదేళ్ళుగా మా మామయ్య అక్కడే ఉన్నాడని చెప్పలేదు. చెబితే నిన్ను ఉచితంగా వాడుకుంటారు. కానీ నాకు మాత్రం ఉన్నదున్నట్టు రాయి. ఆ ఒడ్డు ఎవరిది, ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు. ఇంకో సంగతి, జులైలో ఇక్కడి తెలుగువాళ్ళు పదకొండు మంది గుంపుగా మీ దీవికి వస్తామంటున్నారు. ఇక్కడే ఊరి చివర ఆల్బనీ నుంచి ఈశ్వరరావు అంకుల్, అనంతలక్ష్మి ఆంటీ పెద్దలు. అంకుల్ టెలిఫోన్స్‌లో రిటైరై కొడుకు దగ్గర సెటిల్ అయ్యారు. వాళ్ళని నువ్వు పనిచేసే హోటల్లోనే దింపుతున్నారు.

అత్తయ్యకి నా నమస్కారాలు అనువదించి చెప్పు.

నీ మేనకోడలు
నిరుపమ

---

ఆస్ట్రోని,
27 ఏప్రిల్ 2006

నిరుపమకి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అత్తయ్య కతీనాకి చదివి వినిపించాను. కోపంగా ఉందా ఈ పిల్ల అని అడిగింది. లేదు, మా భీమిలి వాళ్ళు మామూలుగా ఇలాగే రాస్తారన్నాను.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఈ ఒడ్డున మొదట అడుగుపెట్టింది మా అత్తగారు. నడిచి కాదు, వాళ్ళమ్మ చంకలో. 1922లో ఎదుటి టర్కీ ఒడ్డున గ్రీకువాళ్ళ ఇళ్ళు తగలబడితే జనం పడవల్లో పారిపోయి వచ్చారు. మూడు పడవలు ఇక్కడ ఆగాయి. అప్పటికి మా అత్తగారు స్టమాతాకి నాలుగు నెలలు. దీవిలో ఉన్నవాళ్ళు పైన కొండ మీద ఊళ్ళో ఉండేవారు, సముద్రం పక్కన ఎవరూ ఉండేవారు కాదు, దొంగల భయం. ఆ ఇసుక దేనికీ పనికిరాదు కాబట్టి శరణార్థులకి ఇచ్చేశారు. వీళ్ళు అక్కడే గుడిసెలు వేసి, వలలు ఆరేసి, ఊరు చేశారు.

తర్వాత డెబ్బైలలో జుట్టు పెంచుకున్న తెల్లవాళ్ళు వచ్చి ఇసుకలో పడుకునేవారట. మా అత్తగారు వాళ్ళకి రొట్టె, ఉల్లిపాయ పెట్టేది. వాళ్ళు వెళ్ళి ఇంకొకళ్ళకి చెప్పారు. ఎనభై ఏడులో మా ఓడని ఇక్కడ అప్పుల కింద పట్టేసి, కంపెనీవాడు జీతాలు ఎగ్గొట్టి మాయమైతే, తక్కినవాళ్ళు ఇంటికెళ్ళారు, నేను ఉండిపోయాను. నాకూ అదే రొట్టె పెట్టింది. తర్వాత విమానాల చోటు వచ్చింది. ఎనిమిదేళ్ళ కింద హోటల్ వచ్చింది. నాలుగువందల గదులు. ఊరికీ ఒడ్డుకీ మధ్య గోడ కట్టి గేటు పెట్టారు. చేతికి ప్లాస్టిక్ పట్టీ ఉంటేనే లోపలికి. ఊరివాళ్ళకి పట్టీలు ఉచితమే. అందరూ కట్టుకున్నారు.

మా అత్తగారు కట్టుకోలేదు. "పడవ దిగినరోజు మా అమ్మ చేతికి ఎవరూ ఏమీ కట్టలేదు" అంది. రోజూ పొద్దున సముద్రంలో ఈదే మనిషి. ఎనిమిది వేసవులైంది నీళ్ళలో దిగి. చలికాలం గేటు తీసే ఉంటుంది గానీ ఎనభైనాలుగేళ్ళకి ఆ చలి పడదు. కిటికీ దగ్గర కూర్చుని గోడ చూస్తుంది. ఈ ఏడు గుండె కొంచెం తేడా చేసింది. డాక్టరు ఇంకో రెండు వేసవులు అన్నాడు. ఆవిడ "ఏం చేసుకోను" అంది.

నీ బ్రోషర్‌కి ఇదేమీ పనికిరాదనుకుంటాను. ఇసుక తెల్లగా ఉంటుంది, అది రాసుకో.

మామయ్య

---

ఆక్లాండ్,
10 మే 2006

మామయ్యా,

నీ ఉత్తరం బస్సులో చదివి రెండు స్టాపులు దాటిపోయాను.

మొత్తం రాశావు గానీ ఒక ముక్క మింగేశావు. ఆ హోటల్లో నీ పనేమిటి. అమ్మకి "సూపర్‌వైజర్" అని చెప్పావు. హోటల్ వాళ్ళు పంపిన ఫోటోల్లో ఒకదాని వెనక భాగంలో ఒక నల్లటి మనిషి గొడుగు పాతుతున్నాడు. బొమ్మ పెద్దది చేసి చూశాను. ఆ బట్టతల మా తాతదే.

గొడుగులు పాతడం తప్పని నేనను. నేను ఫ్లాట్‌లో నలుగురి గిన్నెలు తోముతాను, డెయిరీలో, అంటే ఇక్కడి వీధి చివరి కొట్లో, ఆదివారాలు పాలడబ్బాలు సర్దుతాను. కానీ నిన్ను నిలబెట్టి రొట్టె పెట్టిన మనిషిని గోడ అవతల కూర్చోబెట్టి, ఆ గోడ ఇవతల ఆమె నీళ్ళకి అడ్డంగా రోజూ ఆరు వరసల కుర్చీలు నువ్వే పరుస్తున్నావు. లైబ్రరీకి వెళ్ళి చదివాను. మీ దేశంలో సముద్రపు ఒడ్డు ఎవడి సొంతమూ కాదట, అందరిదీ అట. ఆ మాట నీకు తెలియదా, తెలిసీ పరుస్తున్నావా.

జులై ఆరున పదకొండు మంది వస్తున్నారు. ముందు వరసలో వాళ్ళకి కుర్చీలు బుక్ చేశాను, సముద్రమే పాదాలు కడుగుతుంది అని రాశాను. బాస్ మెచ్చుకున్నాడు. నాకే సిగ్గేసింది.

నిరుపమ

---

ఆస్ట్రోని,
29 మే 2006

చిరంజీవి నిరుపమకి,

తెలుసు.

కతీనాకి నీ ఉత్తరం చదవలేదు. చదవక్కర్లేదు, ఆవిడ ఎనిమిదేళ్ళుగా ఆ మాటే అంటోంది, నోటితో కాదు. నేను పనికి బయల్దేరేటప్పుడు తలుపు ఎలా వేస్తుందో దాన్నిబట్టి.

నాకు నలభైతొమ్మిది. ఈ దీవిలో చేపల పని అయిపోయింది, ఓడల పని లేదు. హోటల్ ఒక్కటే మిగిలింది. నీకు ఇరవైనాలుగు కాబట్టి ఉత్తరం అలా రాయగలిగావు. తిట్టానని అనుకోకు.

వచ్చేవాళ్ళకి నేను గొడుగుల పని చేస్తానని ముందే చెప్పకు. వాళ్ళు ఏం తింటారో రాయి. ఇక్కడ హోటల్లో అన్నిటిలోనూ చేపో మేకో ఉంటుంది. మా ఇంట్లో పప్పు వండుతాం. ఇక్కడివాళ్ళూ పప్పు తింటారు, మెత్తగా రుబ్బి, ఉల్లిపాయ వేసి. పోపు మాత్రం పెట్టరు.

మామయ్య

---

ఆస్ట్రోని,
9 జులై 2006

చిరంజీవి నిరుపమకి,

నీ మనుషులు వచ్చారు. అంతా క్షేమం. కానీ ఒక చిక్కు వచ్చిపడింది, అది నువ్వు బ్రోషర్లో రాయలేదు.

నాలుగు రోజులుగా పదకొండు మందీ ముందు వరస కుర్చీల్లో సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటున్నారు. చీరలు, కాటన్ పంచెలు, ఒకాయన మంకీ టోపీ. ఎండ ముఖాన కొడుతుందని తిరిగారట. ఒక్కరూ నీళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. హోటల్ మేనేజరు నన్ను పిలిచాడు. వీళ్ళు దేనికైనా నిరసన తెలుపుతున్నారా అని అడిగాడు. పౌర్ణమి కోసం చూస్తున్నారన్నాను. ఇది మతమా అని అడిగాడు. స్నానం అన్నాను. గదిలో షవర్ ఉందిగా అన్నాడు.

ఈశ్వరరావు గారిని నేనే అడిగాను. "ఏవండీ, ఆకామావై తెలీదా మీకు? ఆషాఢం, కార్తీకం, మాఘం, వైశాఖం. ఈ నాలుగు పౌర్ణములకే సముద్ర స్నానం. వట్టి రోజుల్లో సముద్రాన్ని ముట్టుకోవచ్చుటండీ?" అన్నారు. మరి వారం ముందే ఎందుకొచ్చారంటే, "టికెట్టు అప్పుడు దొరికింది" అన్నారు. నేను సముద్రం పక్కన పుట్టాను, ఓడలో పదకొండేళ్ళు చేశాను, ఈ మాట మా నాయనమ్మ అనేది. మర్చిపోయాను.

పౌర్ణమి మంగళవారం. మంగళవారం సముద్రాన్ని తాకకూడదని అనంతలక్ష్మి గారు. పర్వానికి వారం అడ్డురాదని ఆయన. పైగా పంచాంగం మన దేశపు గడియారానిది. ఆయన హోటల్ నాప్‌కిన్ మీద లెక్కేసి, ఇక్కడి టైముకి తిథి మంగళవారం పొద్దున ఆరింటికే అయిపోతుందని తేల్చారు. ఆరు లోపు మునగాలి. నేను గొడుగులు పాతడం అయిదింటికల్లా అయిపోతుంది.

అనంతలక్ష్మి గారు మధ్యాహ్నం మా ఇంటికొస్తున్నారు. మా అత్తగారూ ఆవిడా ఒకళ్ళ భాష ఒకళ్ళకి రాకుండానే గంటలు మాట్లాడుకుంటున్నారు. మా పప్పులో ఆవిడ పోపు పెట్టింది. మా అత్తగారు రెండోసారి వడ్డించుకుంది.

మామయ్య

---

ఆక్లాండ్,
17 జులై 2006

బాలసుబ్రహ్మణ్యం గారికి,

మీ దగ్గర్నుంచి నాకు ఉత్తరం రాలేదు. ఫాక్సు వచ్చింది.

మూడు పేజీలు, అంతా గ్రీకు. పైన ఒక ఇంగ్లీషు కాగితం: మీరు పంపిన గుంపు ఒడ్డున అల్లరి చేసింది, నియమాలు ఉల్లంఘించింది, హోటల్ ఆస్తిని కదిలించింది, సాక్ష్యం జతచేస్తున్నాం. మూడో పేజీ చివర, ఆ గ్రీకు అక్షరాల కింద, తెలుగులో మీ సంతకం. ఫాక్సు మెషిన్ దగ్గర నిలబడి బాస్ అందరికీ చూపించాడు, ఇదేం లిపి అని. ఏమో అన్నాను.

ఆ పదకొండు మందిలో అందరికన్నా చిన్నావిడకి యాభైఎనిమిదేళ్ళు. వాళ్ళేం అల్లరి చేసి ఉంటారో నాకు తెలియదు. మీ వాళ్ళు దూరం నుంచి వస్తే హోటల్ వాడి పక్కన నిలబడి వాళ్ళ మీద చేవ్రాలు చేసే మనిషి మీరని మాత్రం తెలిసింది. అమ్మకి చెప్పను. ఆవిడ మీ ఫోటో టీవీ మీద పెట్టుకుంది.

హోటల్‌కి క్షమాపణ ఉత్తరం నన్నే రాయమన్నాడు బాస్. నాకన్నా బాగా ఇంగ్లీషు రాసేవాళ్ళు ఆఫీసులో లేరట. మూడేళ్ళలో నాకొచ్చిన రెండో మెప్పు ఇది.

ఆ గుంపు ఇప్పుడు లండన్‌లో ఉంది. నెలాఖరుకి వస్తారు. వాళ్ళ ముఖం ఎలా చూడాలో తెలియడం లేదు. మీకు ఉత్తరాలు ఇక రాయను.

నిరుపమ

---

ఆస్ట్రోని,
30 జులై 2006

నిరుపమకి మామయ్య ఆశీస్సులు. అక్కర్లేకపోయినా ఉంచుకో.

నీ ఉత్తరం అందింది. నన్ను "గారు" అన్నది మన కుటుంబంలో నువ్వే మొదలు. కతీనా ఏమని రాసిందని అడిగింది. గౌరవంగా రాసిందన్నాను.

జరిగింది చెబుతాను. నమ్మడం నమ్మకపోవడం నీ ఇష్టం.

సోమవారం సాయంత్రం అనంతలక్ష్మి గారు మా అత్తగారిని సైగతో అడిగింది, రేపు మాతో వస్తావా అని. ఆవిడ తన చెయ్యి చూపించి, పట్టీ లేదన్నట్టు మణికట్టు తిప్పింది. అనంతలక్ష్మి గారికి అర్థం కాలేదు. నన్ను చెప్పమంది. గోడ కట్టినప్పటి నుంచి మొత్తం చెప్పాల్సొచ్చింది. కుర్చీలు ఎవరు పరుస్తారో కూడా చెప్పేశాను. ఆవిడ నా ముఖంలోకి చూసి, "అయితే మీరు రోజూ ఆ నీళ్ళ పక్కనే నుంచుని, ఈవిడ సంగతి ఒక్కరికీ చెప్పలేదన్నమాట" అంది. అవునన్నాను. "టీ పెట్టండి" అంది.

మంగళవారం అయిదుంపావుకి నేను ఆరు వరసలూ పరిచేశాను. పదకొండు మందీ గేటు వైపు నుంచి వచ్చారు, హోటల్ వైపు నుంచి కాదు. ముందు మా ఇంటికెళ్ళి మా అత్తగారిని తెచ్చారు. ఒక చెయ్యి అనంతలక్ష్మి గారు, ఒక చెయ్యి మీ ఆక్లాండ్ పక్కన పాపకూర అనే ఊరి నుంచి వచ్చిన ఫిజీ తెలుగావిడ శివ్‌కుమారి పట్టుకున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు పట్టీలు చూపించమన్నాడు.

ఒక్కరికీ లేవు. ఒంటి మీద ప్లాస్టిక్ కట్టుతో పర్వస్నానం చెల్లదని ఈశ్వరరావు గారు రాత్రే తేల్చారట. అందరూ గోళ్ళు తీసుకునే కట్టర్‌తో కోసేసుకున్నారు. మా అత్తగారి కోసం చేశారని నేను అనుకుని కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత అడిగితే "అబ్బే, శాస్త్రం" అన్నారు.

సెక్యూరిటీ కుర్రాడికి ఏం చెయ్యాలో తోచలేదు. పన్నెండు మందీ పట్టీ లేనివాళ్ళే. పదకొండు మంది హోటల్ మనుషులని అతనికి తెలుసు. పన్నెండో మనిషి ఎవరో కూడా తెలుసు, అతని నాయనమ్మకి స్నేహితురాలు. ఈశ్వరరావు గారు వాచీ చూపించి "సిక్స్ ఓ క్లాక్, తిథి ఫినిష్" అన్నారు. అతను గేటు తీశాడు.

నీళ్ళ దాకా వచ్చాక చోటు లేదు. ముందు వరస కుర్చీలు నీటి అంచుకే ఉన్నాయి. కొబ్బరికాయ పెట్టడానికి, పసుపు కుంకుమ పెట్టుకోడానికి, కూర్చుని సంకల్పం చెప్పుకోడానికి జాగా కావాలి. అందరూ నా వైపు చూశారు. మా అత్తగారు చూడలేదు. ఆవిడ నీళ్ళనే చూస్తోంది.

రెండు వరసలు తీసేశాను. డెబ్బై కుర్చీలు, ముప్పైఅయిదు గొడుగులు. ఇసుకలోంచి గొడుగు పీకడం పాతడం కన్నా తేలిక. సాయంత్రం పీకేది వేరేవాళ్ళు, ఎనిమిదేళ్ళలో నేనెప్పుడూ పీకి చూడలేదు.

ఈశ్వరరావు గారు సంకల్పం మొదలెట్టి, ఏ ద్వీపం, ఏ వర్షం అన్నచోట ఆగిపోయారు. ఆక్లాండ్‌లో ఏం చెబుతారండీ అన్నాను. అక్కడా ఆగుతారట. చివరికి "ఆస్ట్రోని ద్వీపే" అని కానిచ్చేశారు. అందరూ తలా ఒక గుప్పెడు ఇసుక సముద్రంలో వేసి మోకాలి లోతు దిగి కూర్చుని మునిగారు. మా అత్తగారూ ఇసుక వేసింది, వాళ్ళని చూసి. తర్వాత ఆ నల్ల గౌనుతోనే నడుచుకుంటూ వెళ్ళి, నడుము దాటాక ఈదడం మొదలెట్టింది. మన వాళ్ళందరూ మునగడం ఆపి చూస్తున్నారు. శివ్‌కుమారి పక్కన ఈదుతూ వెళ్ళింది. ఆరు కావడానికి రెండు నిమిషాలుంది.

ఏడింటికి మేనేజరు వచ్చాడు. కుర్చీలు ఎవరు కదిపారు అన్నాడు. మేమే అని ఈశ్వరరావు గారు ముందుకొచ్చారు. ఈ వయసులో ఆయన ఒక్క కుర్చీ కూడా ఎత్తలేరు. పోలీసుకి కబురు వెళ్ళింది. ఇక్కడ పోలీసు కాగితం మీద ముందు ఎవరు ఫిర్యాదు చేశారో రాస్తారు, అది హోటల్. చివర ఎవరు చేశారో వాళ్ళ మాట రాస్తారు. మూడో పేజీలో ఉన్నది: డెబ్బై కుర్చీలూ నేనే తీశాను, ఎవరూ చెప్పలేదు, వచ్చినవాళ్ళకి సంబంధం లేదు. కింద సంతకం. గ్రీకులో సంతకం చెయ్యడం నాకు రాదు, తెలుగులో చేశాను. పోలీసతను కూడా ఇదేం లిపి అనే అడిగాడు. నేను మాత్రం చెప్పాను.

ఆ మధ్యాహ్నమే పని తీసేశారు. కతీనా తలుపు మెల్లగా వేసింది.

మామయ్య

---

ఆక్లాండ్,
11 ఆగస్టు 2006

మామయ్యా,

నీ తొమ్మిదో తారీఖు ఉత్తరం నా తిట్లు పోస్ట్‌లో పడిన మూడో రోజున వచ్చింది. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు, ఫాక్సు ఫాక్సే అనుకున్నాను. ముప్పయ్యో తారీఖుది నిన్న వచ్చింది. చదివి, వెనక గదిలో ఫోటోకాపీ మెషిన్ ఆన్ చేసి, దాని చప్పుడులో కాసేపు కూర్చున్నాను.

తప్పు నాది. ఇంతకన్నా పెద్దగా రాయడం నాకు చేతకాదు.

అనంతలక్ష్మి ఆంటీ వచ్చారు. ఎలా జరిగిందాంటీ అంటే "స్నానం బాగా అయింది, తిండికే ఇబ్బంది పడ్డాం, మీ మామయ్య టీ బాగా పెడతాడు" అన్నారు. అంతే. మీ ఊళ్ళో తాను ఏం చేసొచ్చిందో ఆవిడకి తెలియదు. చెప్పాలా అని ఆలోచించి, చెప్పలేదు.

క్షమాపణ ఉత్తరం నేను రాయనని బాస్‌కి చెప్పాను. మా అతిథులు ఎక్కడా తప్పు చేయలేదు, సాక్షి సంతకం నేను చదవగలను అన్నాను. ఆయన వెంటనే నన్ను వీసా ఫారాల టేబుల్‌కి మార్చాడు. బ్రోషర్‌లో శరణార్థుల మూడు పడవల గురించి ఒక పేజీ రాసి పెట్టాను, అదంతా కొట్టేశాడు. "ఒడ్డుకి దారి పాత ఊరి మధ్యలోంచి ఉంది, అందరూ వెళ్ళవచ్చు" అన్న ఒక్క వాక్యం మాత్రం మిగిలింది. అది చట్టమని ఆయనకి తెలియదు, వర్ణన అనుకున్నాడు.

ఆవిడ మళ్ళీ దిగిందా, ఆ ఒక్క రోజేనా. అది రాయి. తక్కినవన్నీ తర్వాత.

నిరు

---

ఆస్ట్రోని,
28 ఆగస్టు 2006

నిరూ,

దిగుతోంది. రోజూ.

స్నానం మర్నాడు, జులై పన్నెండో తారీఖు పొద్దున, కిటికీ దగ్గర కుర్చీలో ఆవిడ లేదు. గేటు దగ్గర నిలబడి ఉంది, తువ్వాలు భుజాన వేసుకుని. చేతికి పట్టీ లేదు. సెక్యూరిటీ కుర్రాడు నిన్న తీశాడు కదా, ఇవాళ మూయడానికి కారణం ఏమిటో అతనికి దొరకలేదు. మర్నాడు ఆవిడ వెనక ఇద్దరు ముసలమ్మలు. వారం తిరిగేసరికి ఊరు సగం. పట్టీలు కట్టుకున్నవాళ్ళు కూడా కోసుకుని వచ్చారు. మేనేజరు ఊరి పెద్దతో మాట్లాడి, పొద్దున ఎనిమిదింటి దాకా గేటు దగ్గర ఎవరూ ఉండరని తేల్చాడు. ముందు రెండు వరసలు మళ్ళీ వేయలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

డాక్టరు ఆవిడకి చల్లటి నీళ్ళు కూడదన్నాడు. ఆవిడ డాక్టరు మార్చింది.

నాకు ఇప్పుడు పొద్దున పూట పని లేదు. మధ్యాహ్నం కతీనా అన్నయ్య పడవకి రంగు వేస్తున్నాను. కాబట్టి పొద్దున ఆవిడతో నేనే వెళుతున్నాను. మొదట ఒడ్డున తువ్వాలు పట్టుకుని నిలబడేవాణ్ణి. పోయిన వారం ఆవిడ నీళ్ళలోంచి వచ్చి, నువ్వెందుకు దిగవు అంది. చలి అన్నాను. ఆగస్టు అంది. బట్టలు తడుస్తాయన్నాను. ఆవిడ నా చేతిలోంచి తువ్వాలు తీసుకుని, "నీకు ఈత రాదు" అంది.

పదకొండేళ్ళు ఓడ, పందొమ్మిదేళ్ళు దీవి. ఈ ఇంట్లో ఇంతవరకు ఎవరికీ తెలియదు. మీ అమ్మకీ చెప్పకు.

ఇప్పుడు రోజూ ఎనిమిది లోపు పాఠం. నడుము లోతు నీళ్ళు. ఎనభైనాలుగేళ్ళ మనిషి నా గడ్డం కింద చెయ్యి పెట్టి, కాళ్ళు కొట్టు అంటుంది. ఊరంతా చూస్తోంది. నిన్న వదిలేస్తానంది. వద్దన్నాను. ఇంకా పట్టుకునే ఉంది.

మామయ్య